పలకల దుమ్ము మీద నా రెండో వాదన

కేసులు ఓడిపోవడం నాకు కొత్త కాదు. కానీ ఆ ఒక్క కేసు ఓడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ కేసు నాకిచ్చినామెది కొనకనమిట్ల వైపు పల్లె. భర్త మార్కాపురం పక్కన ఒక పలకల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాయి కోసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో చనిపోయాడు. నష్టపరిహారం కోసం ఆమె తరఫున నేను దావా వేశాను. అతను తమ దగ్గర ఎన్నడూ పనిచేయలేదని యజమాని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. పైగా అతని దగ్గు చుట్టపొగ వల్ల వచ్చిందన్నాడు.

బోనులో ఉన్న ఆమెను అవతలి వకీలు అడిగాడు. "నీ మొగుడు చుట్ట తాగేవాడా, లేదా?"

"తాగేవాడు సార్, ఎప్పుడన్నా. కానీ ఆయన దగ్గితే పలక పొడి పడేది. మూతి తుడిచిన గుడ్డ ఎంత ఉతికినా తెల్లగయ్యేది కాదు."

ఇంగ్లీషులో రికార్డయింది ఒక్క వాక్యం: భర్తకు పొగతాగే అలవాటున్నట్టు సాక్షి ఒప్పుకుంది. మిగతాది కూడా రాయాలని లేచి అడిగాను. జడ్జిగారు కూర్చోమన్నారు. తీర్పు ఆ వాక్యం మీదే నిలబడింది.

బయట ఆమె అడిగింది. "నేను చెప్పిందంతా రాసుకున్నారు గదా అన్నా?"

"రాయలేదమ్మా."

"మరి నన్ను అంతసేపు ఎందుకు నిలబెట్టినారు?"

అప్పీలు కూడా పోయింది. ఆ తర్వాత కోర్టు సెలవుల్లో బండి మీద ఊరూరా తిరిగి, ఆ దుమ్ముకు మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్ల మాటలు వాళ్లు చెప్పినట్టే రాశాను. నాకు పని నేర్పిన సీనియరు పిలిచి, "ఇట్ల రాస్తా పోతే నీకు కేసులెవరిస్తారు?" అన్నాడు. నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. నల్లకోటు విప్పేసి పుస్తకం పూర్తి చేశాను.

అచ్చయిన కొద్దిరోజులకే యజమాని నుంచి నోటీసు వచ్చింది. పుస్తకం వెనక్కి తీసుకోవాలట, క్షమాపణ చెప్పాలట. కింద సంతకం నా సీనియరుదే. దావా వేయండి, ఈసారి ఆ ఆడవాళ్లందరినీ సాక్షులుగా పిలిపిస్తానని జవాబిచ్చాను. మళ్లీ చప్పుడు లేదు.

గిద్దలూరులో సభ పెట్టి ఆమె మాటలున్న పేజీ చదివాను. ముందు వరుసలో కూర్చున్న ఆమె చివరిదాకా విని, "జడ్జిగారికి పంపినావా అన్నా?" అంది.

మర్నాడే పంపాను. పుస్తకం అందినట్టు తెలిసింది. జవాబు మాత్రం రాలేదు. ఆమెకు పరిహారమూ రాలేదు. నేనిప్పుడు పుల్లలచెరువు వైపు పల్లెలు తాగే ఫ్లోరైడ్ నీళ్ల గురించి రాస్తున్నాను. కోపం తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.