సీమ అవిసె పసరుతో చెడుగుడు

అమలాపురంలో ఫార్మసీ చదువుతున్న మా మనవరాలు మొన్న ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. గాజు పళ్ళెం నిండా బూజు, నడుమ సీమ అవిసె ఆకు పసరు. ఆ పసరు చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ.

"చూసేరా తాతగారూ, బూజు దీని దగ్గరికే రాలేదండి!"

నాకు మా బడి చెడుగుడు బరి కనిపించింది.

పదేళ్ళప్పుడు నా అంత ఆటగాడు కోనసీమలోనే లేడు. నేను కూతకు వెళితే ఏడుగురూ వెనక్కి వెనక్కి నడిచి, గీత దాటి అవుటైపోయేవారు.

సరే, నిజం చెప్పేస్తాను. నా రెండు చేతులకీ తామర. అంటుకుంటుందని వాళ్ళ భయం. నేనేమో నా బలమంతా తామరలోనే ఉందనుకునేవాణ్ణి. నాయనమ్మ రోజూ సీమ అవిసె ఆకు నూరి పట్టించేది. సరిగ్గా గన్నవరం కుర్రాళ్ళతో ఆఖరి ఆటకు ముందురోజు మచ్చలన్నీ మాయమయ్యాయి. బావురుమన్నాను.

"తగ్గితే ఏడుస్తావేంట్రా?"

"రేపు నన్ను పట్టేసుకుంటారు నాయనమ్మా!"

ఆవిడ నవ్వాపుకుంది. "అదా నీ ఏడుపు! అయితే రేపూ రాసుకెళ్ళు."

మర్నాడు నున్నటి చేతులకు మోచేతుల దాకా పసరు పూసుకుని బరిలో దిగాను. ఆ పసరు చూసి తామర ఇంకా ఉందనుకుని గన్నవరం జట్టు మొత్తం గీత అవతల పడింది.

గెలిచాక నన్ను భుజాలకెత్తుకోవడానికి మావాళ్ళూ రాలేదు. చుట్టూ గుండ్రంగా నిలబడి, దూరం నుంచే ఈలలు వేశారు. మధ్యలో నేనొక్కణ్ణే గెంతాను.

మనవరాలి పళ్ళెంలో ఉన్నది అచ్చంగా ఆ ఖాళీయే. నాయనమ్మ ఆకు మళ్ళీ నెగ్గింది.