నలుగురు ఓనర్ల స్టేషన్, ఒక్క డాక్టరు

మంగళవారం పొద్దున్నే పక్కింటి ఆంటీ ఫోన్ చేసి, "మీ స్టేషన్ డాక్టరు వెళ్ళిపోయారమ్మా" అన్నారు. మేమంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన గురించి. ఆస్ట్రేలియాలో, ఈ టూవూంబా ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఈయన మాటలు ఎప్పుడు ఆపుతారా అని విసుక్కున్నదాన్ని, ఆపేశారంటే ఏడుపు ఆగలేదు.

ఆయన పశువుల డాక్టరు, ఒంగోలు మనిషి. వేల పశువులు మేసే పెద్ద భూమిని ఇక్కడ స్టేషన్ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికి ఫోన్ చేసి, "స్టేషన్‌లో ఉన్నానమ్మా, అన్నం ఇక్కడే పెడుతున్నారు" అన్నారట. వాళ్ళమ్మ గొల్లుమని ఏడుస్తూ వీధి చివర వకీలు ఇంటికి పరుగెత్తిందట.

ఆ స్టేషన్ చరిత్ర మాకందరికీ కంఠతా వచ్చు. మొదట ఒక కుటుంబం, తర్వాత మాంసం కంపెనీ, ఆ తర్వాత హెలికాప్టర్‌లో వచ్చి ఫొటోలు దిగి వెళ్ళే సిడ్నీ షావుకారు, చివరికి ఎవరూ మొహం చూడని విదేశీ ఫండ్. మధ్యలో అడ్డొస్తే మళ్ళీ మొదటి కుటుంబం నుంచి ఎత్తుకునేవారు. ఈలోగా బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ బొగ్గయ్యేది. మా అబ్బాయి "నాట్ అగైన్, అంకుల్!" అంటూ లేచిపోయేవాడు. తన పేర సెంటు భూమి లేకపోయినా ఆయనకది "మా స్టేషన్". "ఓనర్లు మారారు గానీ మూపురాలు మారలేదమ్మా. అవి మన ఒంగోలు చుట్టాలు" అనేవారు.

ఒంట్లో బాగా లేనప్పటి నుంచి ఒకటే పోరు, ఒక్కసారి లోపలికెళ్ళి ఆ మందను చూడాలని. పోరు పడలేక, పోయిన నెల నేనే కారులో తీసుకెళ్ళాను. గేటుకు తాళం. బోర్డు మీదున్న నంబరుకు చేసి స్పీకర్‌లో పెడితే ఎవరో అమ్మాయి, "ఏ కంపెనీ నుంచి వచ్చారు?" అంది.

ఆయన్ని అడగాల్సిన ప్రశ్నేనా అది! గొంతు సవరించుకుని మొదటి కుటుంబంతో మొదలుపెట్టారు. మాడ్చేసే ఎండ, మొహం నిండా ఈగలు. "పర్మిషన్ అడగండి అంకుల్, చరిత్ర ఎందుకు!" అని అరిచాను. మాంసం కంపెనీ దగ్గరికొచ్చేసరికి అవతల ఫోన్ పెట్టేశారు. ఆయన గమనించలేదు. ఫండ్ దాకా చెప్పి, "నౌ ఓపెన్ ద గేట్, మై డియర్" అన్నారు.

గేటు తెరుచుకోలేదు. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం కంచె దగ్గరికెళ్ళి నోటితో చప్పుడు చేశారు. ఒక ఎర్రావు మెల్లగా నడిచి వచ్చింది.

"చూశావా, నన్ను గుర్తుపట్టింది."

"మీరు రిటైరయ్యాక పుట్టిందది. ఇక పదండి అంకుల్!"

వింటేగా! తీగల సందులోంచి చెయ్యి పెట్టి, మూపురం నిమురుతూ, మొదటి కుటుంబం నుంచి చెప్పడం మొదలుపెట్టారు. అది మాత్రం కదలకుండా నిలబడి చివరిదాకా విన్నది.