పాతదాని మీద నమ్మకం

వీధంతా అతన్ని స్టూడియో అన్నయ్య అంటుంది. కంప్యూటర్‌లో పాత మెమరీ పక్కనే కొత్త మెమరీ పట్టీ ఒకటి వేయించిన దగ్గర్నుంచి అన్నయ్యకు తిండి సహించడం లేదు. ఫోటోలు తెరిస్తే చాలు, తెర నీలంగా మారి మెషిన్ చతికిలబడుతోంది. సాయంత్రానికి బడివాళ్లకు గ్రూపు ఫోటోలు ఇవ్వాలి. అతను మూత విప్పి కొత్త మెమరీని పీకుతాడు, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాడు, ఉఫ్‌మని ఊది, కళ్లకద్దుకుని మళ్లీ గుచ్చుతాడు. మళ్లీ నీలమే. "ఓసారి పాతది తీసి చూడండి," అంది భార్య. "దాని జోలికి పోకు. ఏళ్ల తరబడి నమ్మకంగా చేసింది." కిందటేడు తమ్ముడు తీసిన ఫోటోలు తెరిస్తే సగం బూడిదరంగులోకి మారుతుంటే, కెమెరా వాడడం చేతకాదని వాణ్ణి స్టూడియోలోంచి పంపేశాడే గానీ మెషిన్‌ను ఒక్క మాట అనలేదు.

చివరికి దిక్కుతోచక పాతది పీకేశాడు. మెషిన్ కిమ్మనకుండా నడిచింది. బడి ఫోటోలు ప్రింటుకు పంపేసి, అల్మారాలోంచి తమ్ముడు వదిలేసిన కెమెరా కార్డు తెచ్చి పెట్టాడు. అప్పుడు సగం చెడిన ఫోటోలన్నీ ఇప్పుడు నిండుగా తెరుచుకున్నాయి. పాత మెమరీని అలవాటుగా రబ్బరుతో రుద్దుతూ, "వాడి నంబరుందా?" అన్నాడు.

"మీరు తీసేయమన్నారుగా," అంది భార్య, ఫోన్ అందిస్తూ. "తీసేయలేదు."