నడవడానికి చోటున్న బెర్తులు

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిణ్ణి అందరూ కామాక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో మాత్రమే ఉంటుంది. పేజీలు కట్టే పని నాది, తప్పులు పట్టే పని ఆవిడది. పద్దెనిమిదేళ్ళుగా పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటున్నాం. పెన్సిలు చెవి మీద దోపుకుని, కాగితాన్ని కిటికీ వెలుగులోకి వంచి చదువుతుంది. ఆవిడ కన్ను పడితే కామా కూడా తప్పించుకోలేదని ఆ పేరు వచ్చింది.

అలాంటి మనిషి ఒకసారి ఒక బట్టల దుకాణం ఆహ్వానపత్రికలో "ప్రారంభోత్సవం" అని ఉండాల్సిన చోట "ప్రారబ్ధోత్సవం" అని ఉంటే చూసుకోకుండా వదిలేసింది. కార్డులన్నీ అచ్చయిపోయాయి. దుకాణం ఆయన ఒకటి తెచ్చి మా బల్ల మీద పెట్టి, "నా వ్యాపారం సంగతి మీకు ముందే తెలిసినట్టుంది" అన్నాడు. ఓనరుతో సహా అందరం నవ్వాం. కామాక్క నవ్వలేదు. మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు, "నేను సరిగ్గా పడుకుని ఎనిమిది నెలలైంది" అంది. అప్పుడు చెప్పింది వాళ్ళ మావగారి సంగతి.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఒక పెద్ద గోడౌనులో రాత్రి వాచ్‌మన్‌గా పనిచేసిన మనిషి. రిటైరైన కొన్నేళ్ళకి మతిమరుపు మొదలైంది. కొడుకు ముఖం ఒకోసారి గుర్తుండదు, మనవరాలి పేరు అసలే నిలవదు. డ్యూటీ మాత్రం మర్చిపోలేదు. రాత్రి రెండయ్యేసరికి లేచి, బూట్లు వేసుకుని, రౌండుకి బయల్దేరతాడు. ఒకసారి ఎవరికీ తెలియకుండా పాత గోడౌను దాకా నడిచి వెళ్ళిపోయాడు. షట్టరు లాగి చూస్తుంటే అక్కడి కొత్త వాచ్‌మన్ పోల్చుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ మర్నాడే కామాక్క మొగుడు తండ్రి గదికి బయటి నుంచి గడియ బిగించాడు. అతను కరెంటు పనులు చేస్తాడు, చేతిలో డ్రిల్లు ఉంటే ఆలోచన తర్వాత. ఆ రాత్రి పెద్దాయన తెల్లారేదాకా తలుపు బాదుతూనే ఉన్నాడు. పొద్దున్న చూస్తే రెండు అరచేతులూ వాచిపోయి ఉన్నాయి. కామాక్క స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గడియ ఊడదీసింది. ఆనాటి నుంచి ఆయన గది గుమ్మానికి అడ్డంగా మడతమంచం వేసుకుని పడుకునేది. పడుకునేది అనడమే గానీ, కంటి మీద కునుకుండేది కాదు. ఆయన లేవడం, ఈవిడ "పడుకోండి మావయ్యా" అని వెనక్కి తిప్పడం, అరగంటకి ఆయన మళ్ళీ లేవడం.

ఇలా ఉండగా ఆయన అక్కగారి నుంచి ఫోను వచ్చింది. ఎనభై ఆరేళ్ళావిడ. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. మంచం దిగితే కుర్చీ, కుర్చీ దిగితే మంచం, అంతకుమించి కదల్లేదు. "వాడికి నేను గుర్తున్నానో లేదో, నాకు వాడు గుర్తున్నాడు. ఒక్కసారి తీసుకురా తల్లీ" అంది. ఆ ఊరికి పన్నెండు గంటల ప్రయాణం. రాత్రి బండి తప్ప వేరే దారి లేదు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ రిజర్వేషన్ కౌంటరుకి వెళ్ళారు. కౌంటర్లో గుమస్తా ఓపికగానే చెప్పాడు. "మీరు నలుగురే కదండీ. తలుపున్న కేబిన్ తీసుకోండి. నాలుగు బెర్తులూ మీవే. లోపల గడియ పెట్టుకుంటే ఎవరి గొడవా ఉండదు."

మొగుడికి ప్రాణం లేచొచ్చింది. "అదే ఇవ్వండి" అన్నాడు.

గడియ అన్న మాట దగ్గర కామాక్క ఆగిపోయింది. "గడియ లేనిది ఉండదాండీ?" అని అడిగింది.

గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "జనం గడియ కోసమే తీసుకుంటారమ్మా ఆ కేబిన్ని. లేకపోతే తెరలుండే మామూలు బోగీ ఉంది. మీరేదో ఒకటి తేల్చుకోండి, వెనక లైనుంది."

తేల్చుకోలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. బయట మొగుడు విసుక్కున్నాడు. "అందరి మధ్యా నాన్న లేచి తిరిగితే ఏం బాగుంటుంది? పరువు పోతుంది."

"పోతే పోయింది, మళ్ళీ వస్తుంది. ఆయన గాభరా పడితే మాత్రం తెల్లారేదాకా తగ్గదు. చేతులు చూశారుగా" అంది.

మర్నాడు ప్రెస్సులో ఒంటిపూట సెలవు పెట్టి ఒక్కతే స్టేషనుకి వెళ్ళింది. సాయంత్రం బయల్దేరే బండిని అప్పటికే ప్లాట్‌ఫారం మీద పెట్టి, దుప్పట్లు సర్దుతున్నారు. బోగీ అటెండెంటు జుట్టు నెరిసిన మనిషి. విషయం చెప్పి, లోపల ఒకసారి చూసుకోవచ్చా అని అడిగింది. "ఎక్కండమ్మా, చూస్తే అరిగిపోదుగా" అన్నాడు.

ముందు కేబిన్‌లో కూర్చుని తలుపు వేసుకుంది. శుభ్రంగా, ముచ్చటగానే ఉంది. కానీ లేచి నిలబడితే నాలుగడుగుల్లో గోడ. రెండు నిమిషాలకే తనకి ఊపిరాడనట్టయింది. తలుపు తీసుకుని తెరల బోగీలోకి వెళ్ళింది. బెర్తుల మధ్య పొడుగాటి నడవా, అడుగడుక్కీ నేల దగ్గర చిన్న నీలం దీపం. ఈ చివర నుంచి ఆ చివరకి ప్రూఫు చదివినంత నిదానంగా నడిచింది. నలభై ఆరు అడుగులు.

"ఈ చివరి తలుపుల సంగతేంటండీ? రాత్రి తెరిచి ఉంటాయా?"

"బండి కదలగానే రెండు వైపులా తాళం వేస్తాను. మళ్ళీ స్టేషనొస్తేనే తీయడం. తాళంచెవి ఇదిగో, మెళ్ళోనే ఉంటుంది" అని చొక్కా లోంచి తీసి చూపించాడు. "చివరి బెర్తులు మాత్రం వద్దమ్మా. వచ్చేపోయేవాళ్ళ చప్పుడు. మధ్యలో తీసుకోండి. పెద్దాయనకి కింది బెర్తు, ఎదురుగా మీరు, పైన అబ్బాయిగారూ పాపా."

"మీకు ఏ రోజుల్లో డ్యూటీ?"

అతను వేళ్ళ మీద లెక్క చూసుకుని చెప్పాడు. వాటిలో ఒక రోజుకే మధ్య బెర్తులు నాలుగు తీసుకుంది.

ప్రయాణం రోజున నాకంటే ఎక్కువగా మా ఓనరు కంగారు పడ్డాడు. కామాక్క గుండెల మీద కుంపటితోనే బయల్దేరింది. ఆ తర్వాత జరిగింది ఆవిడ తిరిగొచ్చాక చెప్పగా విన్నదే.

బండి ఎక్కగానే పెద్దాయన కుదురుగా కూర్చున్నాడు. మనవరాలితో కిటికీలోంచి దీపాలు చూశాడు. పెట్టింది తిని, పది గంటలకల్లా పడుకున్నాడు. కామాక్క దుప్పటి కప్పుకుని కళ్ళు తెరుచుకునే ఉంది. రెండు కొట్టే వేళకి ఆయన లేచి బూట్లు వేసుకున్నాడు. అలవాటుగా "పడుకోండి మావయ్యా" అనబోయి, ఎందుకో మాట నోట్లోనే ఆపుకుంది. ఆయన్ని నడవనిచ్చి, తను చెప్పుల్లేకుండా నాలుగడుగుల వెనక నడిచింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. బెర్తుల కింద పెట్టెల్ని వంగి చూస్తున్నాడు. ఒకచోట ఎవరి దుప్పటో జారి నడవాలో పడి ఉంటే తీసి, ఆ నిద్రపోయే మనిషి కాళ్ళ మీద కప్పాడు. చివరికి వెళ్ళి తలుపు పిడి రెండుసార్లు లాగి చూశాడు. తాళం గట్టిగా ఉంది. స్టూలు మీద కూర్చున్న అటెండెంటు కామాక్కని చూశాడు, తర్వాత పెద్దాయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"అంతా సరిగ్గా ఉందాండీ?" అని అడిగాడు.

"ఇటు పర్లేదు. అటు కూడా చూసొస్తాను" అన్నాడు పెద్దాయన.

రెండో చివరకీ వెళ్ళి పిడి లాగి చూశాడు. వెనక్కి వస్తుంటే కామాక్క ఎదురుపడింది. తప్పుకోవడానికి చోటు లేదు. ఆవిణ్ణి ఒక్క క్షణం పోల్చుకోవడానికి చూశాడు.

"ఏమ్మా, నిద్ర పట్టలేదా? వెళ్ళి పడుకో. నేనున్నాగా" అన్నాడు.

బూట్లు విప్పి, రెండూ జోడుగా బెర్తు కింద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పది నిమిషాల్లో గురక వినిపించింది. అరగంట చూసింది, లేవలేదు. ఇన్నాళ్ళూ సగంలోనే తిప్పేస్తున్నాం, రౌండు పూర్తయితే పడుకునే మనిషిని, అనుకుందట. అక్కడివరకే గుర్తుంది ఆవిడకి. కూతురు భుజం పట్టి కుదుపుతుంటే లేచేసరికి బండి ఊళ్ళోకి వచ్చేసింది.

అక్కగారు వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. పోల్చుకున్నాడో లేదో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఒరేయ్, అంత చిక్కిపోయావేమిట్రా? ఇలా వచ్చి కూర్చో" అంది ఆవిడ.

ఆ గొంతు వినగానే వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, "అక్కా, నాకు డ్యూటీకి టైమవుతుందేమో" అన్నాడు.

"ఇవాళ నీకు సెలవురా" అందావిడ, చెయ్యి పట్టుకుని. ఆయన "సెలవా" అని, నిజమేనా అన్నట్టు కొడుకు వైపు చూశాడు. కొడుకు తలూపాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ చేతులు వదల్లేదు. కామాక్క లోపల గదిలో పడుకుంటే సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు.

తిరిగొచ్చిన రోజే మొగుడు వీధి గేటుకి గట్టి తాళం బిగించి, ఇంటి లోపలి తలుపులన్నీ తెరిచి పెట్టాడు. హాల్లోనూ వరండాలోనూ నేల దగ్గర చిన్న దీపాలు అమర్చాడు. ఆ రాత్రి రెండింటికి తండ్రితో పాటు తనే నడిచాడు. పావుగంటకి వచ్చి పెళ్ళాం పక్కన పడుకుంటూ, "నాన్న పూలకుండీల వెనక కూడా వంగి చూస్తున్నాడే" అన్నాడట. కామాక్క ఆ మాట సగం నిద్రలో విని, అటు తిరిగి పడుకుంది.