కందెన పెట్టిన కారు

అది రెండు వేల ఇరవై మూడు, ఎండలు ముదిరిన రోజులు. గిద్దలూరులో నంద్యాల పోయే రోడ్డు మీద నా షెడ్డు. ఇరవై ఏండ్లుగా కార్లు రిపేరు చేస్తున్నా. స్టీరింగ్ తిప్పేటప్పుడు ఏదో శబ్దం వస్తాంది అని రోజుకొకరన్నా వస్తారు. ఆ శబ్దం నోటితో చేసి చూపించమంటే సిగ్గుపడతారు. నేను వదలను. "కిర్రుమంటాందా, టక్ టక్ అంటాందా, చెప్పు సామీ, డాక్టరు దగ్గర సిగ్గేంది?" అని గదమాయిస్తా. శబ్దం వింటే సగం జబ్బు తెలిసినట్టే అని నాకు మా గొప్ప నమ్మకం. ఆ నమ్మకమే ఆ రోజు ఒక ఇంటిని నిలువునా ముంచేది.

పొద్దున్నే కొమరోలు పక్క పల్లె నుంచి చెన్నయ్య మామ వచ్చినాడు. నేను మస్తాన్‌ని, ఆయన రెడ్ల ఇంటి రైతు, చుట్టరికం ఎక్కడిది? మా నాయన కాలం నుంచి అట్ల పిలుపు, అంతే. కొడుకు శీను కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో కోడలు సునీత, నెలలు నిండిన మనిషి. నంద్యాల డాక్టరమ్మ ఆ రోజే వచ్చి చేరమన్నదంట. గిద్దలూరు దాటితే ఇంక నల్లమల ఘాటు రోడ్డే, మలుపు మీద మలుపు.

"నెల రోజుల నుంచి మలుపు తిప్పితే ముందు ఎడమ చక్రం కాడ కిర్రుమనేది బావా," అన్నాడు శీను. "నిన్నటి నుంచి లేదు. అయినా ఘాటు ఎక్కాల గదా, ఒకసారి చూడు."

"లేని శబ్దానికి నేనేం మందు వెయ్యాలబ్బా?" అని నవ్వినా.

నవ్వినానే గానీ, కారు తీసుకొని ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో స్టీరింగ్ అటు పూర్తిగా, ఇటు పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపినా. టక్ టక్ అంటే యాక్సిల్ జాయింటు, అంటే ఇంజను బలాన్ని చక్రానికి అందించే కీలు, అది పోయినట్టు. అట్లాంటిదేం లేదు. చక్రం వెనక చెయ్యి పెట్టి దాని రబ్బరు తొడుగు తడిమి చూసినా, బాగుంది. వేళ్లకి జిడ్డు తగిలితే గ్రీజు అనుకొని గుడ్డకి తుడుచుకున్నా. జాకీ మీద లేపి చూడాల్సింది. ఆ అమ్మాయి ఎండకి ఆయాసపడతాంది, ఇంకా నిలబెట్టడం ఎందుకని లేపలేదు.

"ఏం లేదు మామా, నిమ్మళంగా పోండి," అని చెప్పి పంపించినా.

వాళ్లు పోయినాక టీ గ్లాసు నోటి కాడికి తెచ్చినా. చెయ్యి వాసనొచ్చింది. గ్రీజు వాసన కాదు, ఆముదం. కారులో ఆముదం ఏంది? వేళ్లు చూసుకుంటే గోళ్ల సందుల్లో నల్లటి మసి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే అది కందెన. ఎద్దుల బండి ఇరుసు అరిస్తే రైతులు పెట్టేది. జబ్బు ఎక్కడికీ పోలేదు, చెన్నయ్య మామ దాని నోరు మూసినాడు!

శీను నంబరు ఒకటే నా కాడ ఉంది, దానికి ఫోన్ కొట్టినా. మోగుతాంది, ఎత్తడు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తని బుద్ధిమంతుడు వాడు. ఆ బుద్ధిని ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఉన్న సామాను సంచిలో వేసుకొని మోటారు సైకిలు తీసినా. దారి పొడుగునా "యా అల్లా, యా అల్లా" తప్ప నోట్లో ఇంకో మాట లేదు. మలుపు వచ్చినప్పుడల్లా కారు బోల్తా పడి కనపడతాదేమోనని రోడ్డు పక్కలకి తొంగి చూసినా.

దిగువమెట్ట చెక్‌పోస్టు కాడ, లారీల వెనక కారు ఆగి ఉంది. వాంతి వస్తాందని సునీత దిగి మొహం కడుక్కుంటాంది. ఇంకొంచెం ముందుకి పోయింటే ఘాటే.

"మామా, చక్రానికి కందెన పెట్టినావా?"

ముసలాయన మొహం వెలిగిపోయింది. "కనిపెట్టినావే అల్లుడూ! చక్రం వెనక కింద ఒక గుండు మాదిరి ఉంది, దానికి రబ్బరు తొడుగు. కొడవలి మొనతో రంధ్రం పెట్టి లోపలికి పోసినా. మళ్లీ నోరెత్తితే ఒట్టు!"

అది బాల్ జాయింటు. గుంటలో గుండు తిరిగినట్టు తిరుగుతా, చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది అదే. అది ఊడిందంటే చక్రం పక్కకి పడుకుంటది, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మన మాట వినదు.

"అందరూ దూరంగా జరగండి," అని అరిచినా. జాకీ పెట్టి లేపినా. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపితే ఊగే పన్ను మాదిరి కదిలింది. రాడ్డు పెట్టి మీటినా, గట్టిగా కూడా కాదు. గుండు గుంటలోంచి ఊడి బయటికి వచ్చింది. చక్రం ఒక పక్కకి వాలిపోయింది.

శీను ఆ చక్రం కల్లా, కొండెక్కే రోడ్డు కల్లా మార్చి మార్చి చూస్తున్నాడు. సునీత కడుపు మీద రెండు చేతులూ పెట్టుకొని బిగుసుకుపోయింది. చెన్నయ్య మామ రోడ్డు మీదనే కూలబడినాడు.

"బండి అరిస్తే కందెన పెడతాం, అంతే గదా నాకు తెలిసింది. కోడలు ఆ చప్పుడికి భయపడతాందని పెట్టినా నాయనా," అని ఏడ్చినాడు.

నంద్యాల పోయే ఇంకో కారు ఆపి ముగ్గురినీ ఎక్కించినా. ఎక్కే ముందర మామ, "మమ్మల్ని బతికించినావు అల్లుడూ," అని నా కాళ్లకి వంగబోయినాడు. పట్టుకొని లేపినా. "నిమ్మళంగా పోండి అని పంపించింది ఎవరు మామా? నేనే గదా!" అన్నా. ఆయనకి అది చెవికెక్కలేదు. రెండో రోజు ఫోన్ చేసి, ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు అని చెప్పినాడు. ఆ మాట విన్నాక గానీ నాకు అన్నం సయించలేదు.

ఆయన్ని నేనేమీ అనను. బండి తెలిసిన మనిషి, బండికి చేసిందే కారుకి చేసినాడు. కార్లు తెలిసినవాణ్ణి నేను, శబ్దం లేదు గాబట్టి జబ్బు లేదనుకున్నా. ఇప్పుడు ఎవరన్నా వచ్చి శబ్దం దానంతట అదే పోయింది అంటే, "ఏం పోసినావు?" అని అడుగుతా. ఏమీ పోయలేదన్నా జాకీ మీద లేపకుండా వదలను. కడుపుతో ఉన్న మనిషి ఉంది, తొందరగా పంపియ్యి అంటే, ఆమెని దించి నీడన కూర్చోబెట్టి, నాలుగు చక్రాలూ చూసి గానీ పంపించను.