డాక్టరమ్మ కారు ఎడమ తలుపు

చేతులు ఎంత రుద్ది కడిగినా గ్యాసునూనె, అదే కిరసనాయిలు, వాసన పోలేదు. పోనీ, ఉండనీ. కరీంనగర్‌లో ఇప్పుడు ఆ నూనె దొరకడమే గగనం. డెబ్బై దాటినా నా కారు నేనే నడుపుతాను. దాని ముందు ఎడమ తలుపు గొళ్ళెం పట్టేసి చాలాకాలమైంది. చూడవచ్చిన మెకానిక్, "గా దిక్కు ఎవలు కూసుంటరమ్మా, ఇడ్సిపెట్టు" అన్నాడు. మా ఆయన పోయాక ఆ సీటు ఖాళీయే, నిజమే. అయినా ఒళ్ళు మండింది. అతన్ని పంపించేసి నేనే స్క్రూలు విప్పుకుని కూర్చున్నాను. ఈ పని నాకు నేర్పింది సకీనా డాక్టరమ్మ.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఖానాపూర్‌లో నర్సుగా నా మొదటి ఉద్యోగం. ఆమె అక్కడి డాక్టరు. భర్త పోయాడు, పిల్లల్లేరు. పల్లెల్లో కాన్పులకు తన పాత కారు తానే నడుపుకుంటూ వెళ్ళేది. నేను వెనక సీట్లో. ముందు ఎడమ తలుపు తెరుచుకునేది కాదు మరి. ఆయా లచ్చవ్వ ఏటా దసరాకు ఆ తలుపుకే పూజ చేసి, గొళ్ళెం సందులో మంచినూనె పోసి, పసుపు కుంకుమ మెత్తేది. అదంతా లోపల గడ్డకట్టింది. డాక్టరమ్మ లచ్చవ్వను వద్దనలేదు, తలుపు బాగుచేయించనూ లేదు.

ఆ ఊళ్ళో నాకెవరూ లేరు. ఉద్యోగం మానేసి మా ఊరు జగిత్యాల వెళ్ళిపోదామనుకున్నాను. ఒక సాయంత్రం అడవి దారిలో తిరిగి వస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె వెనక్కి తిరగలేదు, ఒక్క మాట అనలేదు. ఎంత రాతిగుండె అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. ఇంటికి రమ్మంటే వెళ్ళాను. వాకిట్లో కారు తలుపు లోపలి రేకు ఊడదీసి, కొంగు నడుముకు చుట్టి, నేలమీద కూర్చుని ఉంది డాక్టరమ్మ. పక్కన గిన్నెలో గ్యాసునూనె, చేతిలో కోడి ఈక.

"గీ ఈక నూనెల ముంచి సందులల్ల తిప్పు. జబర్దస్తీ చెయ్యకు, ఇరుగుతది" అంది.

పసుపు ముద్దలు కరిగి కారాయి. "లచ్చవ్వ దేవున్ని గూడ లోపట్నే బంద్ చేసింది" అని నవ్వింది. పాతగుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె చుక్క వేసింది. గొళ్ళెం టక్కుమంది.

"ఇన్నేండ్లు ఎందుకు బాగుచెయ్యలేదమ్మా?" అని అడిగాను.

"ఎవలు కూసుంటరని చెయ్యాలె? ఆయన పొయినంక ఖాళీ సీటు సూడబుద్ధి గాలే. నిన్న నువ్వు ఎనుక ఏడుస్తుంటే ఇన్న. నేను గూడ ముంగట ఏడ్సుకుంటనే నడిపిన బిడ్డా. ఒక్క బండిల ఇద్దరం, ఎవలకు వాళ్ళం. గిదేం బతుకు?" లేచి తలుపు తీసి పట్టుకుంది. "రేపటిసంది ముంగట కూసో. ఉంటవో పోతవో తర్వాత సూద్దాం."

ఉన్నాను. ఆమె హైదరాబాదుకు బదిలీ అయ్యేదాకా ఆ సీటు నాదే. పల్లె దారుల్లో ఎన్ని కబుర్లు, ఎన్ని తిట్లు! ఆమె చనిపోయిందని విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఇవాళ నా తలుపూ టక్కుమని తెరుచుకుంది. లోపల ఆయన సీటు. ఏడుపు ఆగలేదు. అంతలో పై వాటాలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి మెట్లు దిగింది. రోజూ తలొంచుకుని ఒక్కతే బస్టాండుకు నడిచిపోతుంది. కళ్ళు తుడుచుకుని, తలుపు తీసి పట్టుకున్నాను.

"ముంగట కూసో బిడ్డా" అన్నాను.