చీనీ తొక్క

చీనీకాయ ఒలిచినప్పుడు ఇప్పటికీ నేను తొక్కను పిండను. ఇంట్లో చాదస్తమంటారు, అననీ.

మద్యనిషేధం రోజులవి. కుందుర్పి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చీనీకాయ ఒలిచి, తొక్కను తన నీళ్ల చెంబు మీద మెలేసి పిండినాడు. ఎందుకని అడిగినాను.

"చేతులకు అలవాటప్పా. బళ్ళారిలో దొర దగ్గర బట్లరుగా ఉంటి. చక్కెరగడ్డ, నాలుగు చుక్కల చేదుమందు, విస్కీ, పైన ఈ తొక్క పిండేది. దొర పోయినాక ఇంట్లో దొంగసారాతోనే కలిపేవాణ్ణి. చక్కెరకు బదులు బెల్లం, చేదుకు నేలవేము కషాయం. కలిపేది నేను, తాగేది మా తమ్ముడు."

పెద్దాయన తనకు అవతల, కిటికీ పక్కన కూర్చున్న మనిషి అరచేతిలో ఒక తొన పెట్టి, ఆ వేళ్లు మూసినాడు. ఆ మనిషికి చూపు లేదని అప్పుడు గమనించినాను.

"ఒక పొద్దు సారా వార్నిషు కంపు కొట్టె. పారబోయాల్సింది. నా పనితనం చూపిద్దామని తొక్క ఇంకా గట్టిగా పిండినా. కంపు పోయె. తెల్లారేసరికి వీని కండ్లు పోయినాయి."

తమ్ముడు తొన నములుతా మా వైపు తిరిగినాడు.

"ఏమైనా చెప్పన్నా, ఆ పొద్దు మాత్రం బలే కుదిరిండె."